పురిటింటి గడప: నూట నలభై ఏళ్ళ చరిత్ర

కాన్పు ఆడదానికి పునర్జన్మ అన్నమాట మన ఇండ్లలో అందరూ విన్నదే. పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. ఒకప్పుడు అది లెక్క. సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షతన ఏర్పడిన కమిటీ 1946లో ఇచ్చిన నివేదిక చూస్తే, ఆనాడు మన దేశంలో ప్రతి వెయ్యి కాన్పులకు ఇంచుమించు 20 మంది తల్లులు చనిపోయేవారు. అంటే యేడాదికి 2 లక్షల మంది. పుట్టిన ప్రతి వెయ్యి మంది పసికందులలో 162 మంది యేడాది నిండకుండానే వెళ్ళిపోయేవారు. అదే లెక్కను లక్షకు కడితే తల్లుల మరణాలు రెండు వేలు. 2018-20 నాటికి ఆ సంఖ్య దేశం మొత్తం మీద 97కు, ఆంధ్రప్రదేశ్‌లో 45కు, తెలంగాణలో 43కు దిగివచ్చింది.

సంచికలలో మన పెద్దల గురించి, కట్టడాల గురించి, చదువుల గురించి వ్యాసాలు వస్తూనే ఉంటవి. కాన్పుల చరిత్ర ఆడవాళ్ళ సంగతి గదా, దానికి ఇక్కడ చోటెందుకని కొందరికి తోచవచ్చు. కాని రెండు వేల నుండి 43కు వచ్చిన దారి ఒక్క డాక్టర్లు వేసింది కాదు. రాజులు, రాణులు, మిషనరీలు, మంత్రసానులు, కార్మిక నాయకులు, అంగన్వాడీ టీచర్లు, ఆశా కార్యకర్తలు కలిసి వేసిన దారి అది. మన వంటి సంఘాలకు అందులో ఏమి పని ఉన్నదో తెలియాలంటే ముందు ఆ దారి తెలియాలి. అందుకే యీ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

ఇంటి కాన్పుల కాలం

పూర్వం మనకు సహాయమంటే ఇల్లే. ఏడో నెలలో సత్వాసా జరిపి, తొలి కాన్పుకు పిల్లను పుట్టింటికి తెచ్చుకునేవారు. నొప్పులు మొదలైతే దాయమ్మకు కబురు. హిందువుల ఇళ్ళలో మంత్రసాని అన్నా, మన ఇళ్ళలో దాయి అన్నా చాలా ఊళ్ళలో ఆ మనిషి ఒకటే. కాన్పు తరువాత అచ్వానీ కాచి తాగించడం, ఒంటికి నూనె పట్టించి వేన్నీళ్ళు పోయడం, నలభై రోజుల చిల్లా పాటించడం, ఇరుగుపొరుగు ఆడవాళ్ళు వంతులవారీగా వచ్చి బిడ్డను చూసుకోవడం, ఇవన్నీ కలిసి ఒక ఏర్పాటు. దానికి పేరు లేదు, ఆఫీసు లేదు. అయినా బాలింతకు విశ్రాంతి దొరికేది. కొత్త తల్లికి బిడ్డను ఎత్తుకోవడం, పాలు పట్టడం నేర్పే మనిషి పక్కనే ఉండేది.

సాఫీగా జరిగే కాన్పుకు యీ ఏర్పాటు చాలేది. చిక్కు వస్తేనే కష్టం. బిడ్డ అడ్డం తిరిగినా, రక్తస్రావం ఆగకపోయినా, మూడోనాటికి సూతికా జ్వరం వచ్చినా దాయమ్మ చేతిలో చేయగలిగింది ఏమీ లేదు. బొడ్డు కోసిన కొడవలి శుభ్రంగా లేకపోతే వారం తిరిగేసరికి బిడ్డకు ధనుర్వాతం. అప్పుడు డాక్టరును పిలవాలి. డాక్టరు మగవాడు. గోషాలో ఉన్న తల్లిని అతను చూడరాదు. పరదా అవతల కూర్చుని నాడి చూసి పోయిన వైద్యులు, బయట వసారాలో డాక్టరు ఉండగానే లోపల ప్రాణం విడిచిన తల్లులు, ఆ కాలపు వైద్యులు వ్రాసుకున్న వాటిలో యీ కథలు కొల్లలు. మందు గుమ్మం దాకా వచ్చింది. గడప దాటలేకపోయింది.

గోషా ఆస్పత్రులు

యీ చిక్కుకు మొదట మందు వెదికింది మద్రాసులో. అప్పట్లో కోస్తా, రాయలసీమ జిల్లాలకు మద్రాసే రాజధాని గనుక ఇది మన చరిత్ర కూడా. మేరీ షార్లీబ్ అనే ఇంగ్లీషు స్త్రీ బారిస్టరైన భర్తతో 1866లో మద్రాసు వచ్చింది. గోషాలో ఉండే ముస్లిం స్త్రీలు, పెద్ద కులాల హిందూ స్త్రీలు వైద్యం లేక కాన్పులలో పోతున్నారని విన్నది, చూసింది. మద్రాసు మెడికల్ కాలేజీ 1875లో తొలిసారి నలుగురు స్త్రీలను చేర్చుకుంటే అందులో ఈమె ఒకరు. పిమ్మట లండన్ వెళ్ళి పై చదువు పూర్తి చేసి, 1883లో తిరిగి వచ్చి, 1885లో ఒక ఆస్పత్రి ప్రారంభించింది. దాని పేరులోనే దాని పని ఉంది: రాయల్ విక్టోరియా కాస్ట్ అండ్ గోషా ఆస్పత్రి. లోపల పనిచేసే డాక్టర్లు, నర్సులు అంతా స్త్రీలే. ఆ తరువాత ట్రిప్లికేన్‌లో సొంత కట్టడం లేవడానికి లక్ష రూపాయలు ఇచ్చినవారు మన నెల్లూరు సీమకు చెందిన వెంకటగిరి రాజావారు. గోషా స్త్రీల ప్రాణాలకై ఒక తెలుగు హిందూ ప్రభువు ఇచ్చిన యీ దానాన్ని మనం గుర్తు పెట్టుకోవలసి ఉంది. 1948లో ఆ ఆస్పత్రికి కస్తూర్బా గాంధీ పేరు పెట్టారు.

అదే 1885లో వైస్రాయి భార్య లేడీ డఫరిన్ పేరున ఒక నిధి ఏర్పడింది. స్త్రీలకు స్త్రీల చేతనే వైద్యం అందించడం, అందుకు మన దేశపు స్త్రీలకే డాక్టరు, నర్సు, మంత్రసాని చదువులు చెప్పించడం దాని ఉద్దేశం. దేశమంతటా డఫరిన్ ఆస్పత్రులు వెలిశాయి. గుంటూరులో డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో వచ్చి, ఇళ్ళకు వెళ్ళి స్త్రీలకు వైద్యం చేస్తూ చేస్తూ, 1898లో ఆస్పత్రి తెరిచింది. గుంటూరు వాళ్ళకు అది నేటికీ కుగ్లర్ ఆస్పత్రే. విశాఖపట్నంలోను, విజయనగరంలోను గోషా ఆస్పత్రి అంటే దారి చూపని వాడుండడు. గోషా అంటే ఫార్సీలో మూల, ఏకాంతం. అక్కడికి వెళ్ళే ఆడవాళ్ళలో నూటికి తొంభై మందికి ఆ మాట అర్థంతో పని లేదు. కాని యే ఇంటి ఆడదైనా నిశ్చింతగా లోపలికి పోవచ్చునన్న భరోసా ఆ పేరులో ఇమిడి ఉంది.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. యీ ఆస్పత్రులు స్థాపించినవాళ్ళు గోషాను మానండి, అప్పుడు వైద్యం చేస్తామనలేదు. మీరు ఎట్లా ఉన్నారో అట్లానే రండి అన్నారు. డోలీలలో, పరదా కట్టిన బండ్లలో వచ్చారు. వచ్చినవాళ్ళు బతికారు. బతికినవాళ్ళు మరో నలుగురికి చెప్పారు. నమ్మకం కుదిరింది అట్లాగే.

హైదరాబాదులో జనానా, జజ్జిఖానా

నిజాం రాజ్యంలో హైదరాబాదు మెడికల్ స్కూలు 1846 నుండే ఉన్నది. 1885లో డాక్టర్ ఎడ్వర్డ్ లారీ పూనికతో అయిదుగురు స్త్రీలు అందులో చేరారు. వారిలో ఒకరు రూపాబాయి ఫర్దూన్జీ అనే పార్సీ వనిత. 1889లో పట్టా పుచ్చుకుని, క్లోరోఫాం ఇవ్వడంలో నేర్పు సంపాదించి, ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు డాక్టరుగా పేరు పొందింది. 1906లో ఇంగ్లాండు యువరాణి వచ్చినప్పుడు హైదరాబాదులో విక్టోరియా జనానా ఆస్పత్రికి శంకుస్థాపన జరిగింది. నగరంలో వేల మంది తల్లులకు అదే పురిటిల్లు అయింది. రూపాబాయి అక్కడ కూడా పనిచేసింది.

తెలంగాణ పట్టణాలలో ప్రసూతి ఆస్పత్రికి జజ్జిఖానా అని వాడుక. జచ్చా అంటే బాలింత, జచ్గీ అంటే కాన్పు, ఖానా అంటే ఇల్లు. ఉర్దూ మాట తెలుగు నోట నలిగి జజ్జిఖానా అయింది. ఆస్పత్రి అనక ఇల్లు అనడంలోనే జనం దాన్ని ఎంతగా తమదనుకున్నారో తెలుస్తున్నది.

తరువాతి మలుపు ఒక చావుతో వచ్చింది. ఏడవ నిజాం రెండో కుమారుడు మౌజ్జం జా బేగం అయిన నీలోఫర్, టర్కీ సుల్తానుల వంశంలో పుట్టిన రాకుమారి. 1931లో పెళ్ళై హైదరాబాదు వచ్చింది. ఆమెకు సంతానం కలగలేదు. ఆమె దగ్గర పనిచేసే రఫత్ అనే పరిచారిక 1949లో కాన్పులో చనిపోయింది. తగిన వైద్యం అందితే ఆ పిల్ల దక్కేదని నీలోఫర్‌కు తెలుసు. ఇంక యే తల్లీ ఇట్లా పోరాదని పట్టుబట్టి స్త్రీలకు, పిల్లలకు ప్రత్యేకంగా ఆస్పత్రి కట్టించే పనికి పూనుకుంది. 1953లో రెడ్ హిల్స్‌లో 100 పడకలతో మొదలైన నీలోఫర్ ఆస్పత్రి నేడు రాష్ట్రంలోని నలుమూలల నుండి పసిబిడ్డలను ఒడిలో పెట్టుకుని వచ్చే తల్లులతో కిటకిటలాడుతున్నది. నీలోఫర్ 1989లో పారిస్‌లో కన్నుమూసింది. తనకు బిడ్డలు లేని స్త్రీ పేరు లక్షలాది బిడ్డలకు ఆసరాగా నిలిచింది. రఫత్ పేరు మాత్రం కొద్దిమందికే తెలుసు. చరిత్ర వ్రాసేటప్పుడు ఆ పనిమనిషి పేరు కూడా వ్రాయడం న్యాయమని మేము అనుకుంటున్నాము.

పట్నం నుండి పల్లెకు

పట్నాలలో ఆస్పత్రులు లేచినవి సరే, పల్లెల మాటేమిటి? భోర్ కమిటీ లెక్క ప్రకారం అప్పుడు దేశం మొత్తం మీద శిక్షణ పొందిన మంత్రసానులు 5 వేల మంది. అంటే 60 వేల జనాభాకు ఒకరు. అందుకే స్వాతంత్ర్యం తరువాత ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, వాటి క్రింద ఉప కేంద్రాలు, అక్కడ ఏ.ఎన్.ఎం.లు అన్న ఏర్పాటు వచ్చింది. పల్లె దాయిలకు కూడా శిక్షణ ఇచ్చి, శుభ్రమైన బ్లేడు, దారం, సబ్బు ఉన్న పొట్లాలు చేతికిచ్చారు. గర్భిణికి ధనుర్వాతం టీకా వేయడం వాడుకలోకి వచ్చింది. ఫలితం? తల్లీబిడ్డల ధనుర్వాతాన్ని నిర్మూలించిన తొలి రాష్ట్రంగా 2003లో ఆంధ్రప్రదేశ్ గుర్తింపు పొందింది. 2015లో దేశం మొత్తం ఆ గుర్తింపు పొందింది. కొడవలితో బొడ్డు కోసిన కాలం నుండి ఇక్కడికి రావడం సామాన్యమైన సంగతి కాదు.

కూలి, కూడు

బిడ్డ పుట్టినప్పుడు తల్లికి మందొక్కటే చాలదు. ఆమె పనికి పోకపోతే ఇంట్లో పొయ్యి ఎట్లా వెలగాలన్నది మరో ప్రశ్న. 1929లో బొంబాయి రాష్ట్రంలో ప్రసూతి చట్టం వచ్చింది. మద్రాసు రాష్ట్రం 1934లో చేసింది. 1961లో కేంద్ర చట్టం వచ్చి 12 వారాల జీతంతో కూడిన సెలవు ఇచ్చింది. 2017లో మొదటి ఇద్దరు బిడ్డలకు దాన్ని 26 వారాలకు పెంచారు. యిప్పుడా నియమాలు 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలో చేరినవి.

కాని మన ఆడవాళ్ళలో ఆఫీసులకు, ఫ్యాక్టరీలకు పోయేవాళ్ళెందరు? నిజామాబాద్, కరీంనగర్ వైపు చూడండి. ఇంట్లో చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుట్టే తల్లులు ఎందరో. 1966లో వచ్చిన బీడీ, సిగార్ కార్మికుల చట్టం ఇంటి దగ్గర పనిచేసే స్త్రీకి కూడా ప్రసూతి హక్కును వర్తింపజేసింది. ఇల్లు కదలని స్త్రీని కూడా కార్మికురాలుగా గుర్తించడం చిన్న విషయం కాదు. అయితే గుర్తింపు కార్డు లేనివాళ్ళకు, మరొకరి పేరు మీద ఆకు తెచ్చుకుని చుట్టేవాళ్ళకు ఆ హక్కు కాగితం మీదనే ఉండిపోయింది. కుట్టుపని, జరీపని, అగరుబత్తుల పని చేసే ఇంటి తల్లుల సంగతి చెప్పనే అక్కరలేదు.

కూలి తరువాత కూడు. 1975 అక్టోబరు 2న దేశంలో 33 చోట్ల సమగ్ర శిశు అభివృద్ధి పథకం ప్రారంభమైంది. మన వీధి చివర ఉన్న అంగన్వాడీ దాని బిడ్డే. గర్భిణికి, బాలింతకు, ఆరేళ్ళ లోపు పిల్లలకు తిండి, టీకాలు, తూకం, నాలుగు మంచిమాటలు, ఇవన్నీ ఒకే చోట ఇవ్వాలన్నది దాని ఆలోచన. తెలంగాణలో 2015 జనవరి 1 నుండి ఆరోగ్యలక్ష్మి పేరున అంగన్వాడీలోనే ఒకపూట పూర్తి భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు పెట్టడం మొదలైంది. ఇంటికిచ్చే సరుకు అందరూ పంచుకుంటారు, తల్లి కంచంలోకి ఆఖరున మిగిలిందే వస్తుంది. కనుక అక్కడే తినిపించాలన్న ఉద్దేశం మంచిదే. కాని మన పేటలలో కొందరు కోడళ్ళకు వీధిలోకి పోయి పదిమందిలో కూర్చుని తినడం కష్టం. అత్త ఒక్కసారి వెంట వెళ్ళి కూర్చుంటే ఆ కష్టం తీరుతుంది. పథకం చేయలేని పని, అత్త చేయగలదు.

షరతు పెట్టిన సాయం

సాయంతోబాటు షరతులు కూడా వస్తాయి. షరతు ఎట్లా పెడితే మనుషులు అట్లా నడుస్తారు. దీనికి ఇస్లామీ చరిత్రలో ఒక ప్రసిద్ధమైన ఉదాహరణ ఉన్నది. ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి.) కాలంలో, హిజ్రీ 20 ప్రాంతంలో, ప్రజలందరి పేర్లు దీవాన్‌లో వ్రాయించి ఖజానా నుండి భత్యం ఇచ్చే పద్ధతి పెట్టారు. పసిబిడ్డకు పాలు మాన్పించిన తరువాతే భత్యం అని నియమం. ఒక రాత్రి మదీనా బయట విడిది చేసిన వర్తకుల బిడారానికి ఖలీఫాయే స్వయంగా కాపలా కాస్తుండగా ఒక బిడ్డ ఏడుపు ఆగకుండా వినిపించింది. వెళ్ళి అడిగితే, ఎదుట ఉన్నది ఎవరో తెలియని ఆ తల్లి, ఉమర్ పాలు మానిన పిల్లలకే భత్యం ఇస్తాడు గనుక బిడ్డకు ముందుగానే పాలు మాన్పిస్తున్నానని చెప్పింది. తెల్లవారి నమాజు చదివించేటప్పుడు ఖలీఫా గొంతు దుఃఖంతో పూడుకుపోయిందని చరిత్రకారులు వ్రాశారు. ఆ వెంటనే చాటింపు వేయించారు: బిడ్డలకు తొందరపడి పాలు మాన్పించకండి, పుట్టిన ప్రతి బిడ్డకు పుట్టిననాటి నుండే భత్యం ఉంటుందని.

భత్యం పెట్టినవారి ఉద్దేశంలో దోషం లేదు. ఒక్క షరతు వల్ల ఎవరి ఆకలి తీరాలో ఆ బిడ్డే ఏడవవలసి వచ్చింది. పాలకుడు రాత్రిపూట గుడారాల దగ్గర తిరిగాడు గనుక ఆ సంగతి తెలిసింది.

యీ కథ పాతదైనా ప్రశ్న పాతది కాలేదు. 2010లో కేంద్ర ప్రభుత్వం కొన్ని జిల్లాలలో గర్భిణులకు నగదు సాయం ప్రయోగాత్మకంగా ప్రారంభించింది. తల్లికి 19 ఏళ్ళు నిండి ఉండాలి, మొదటి రెండు కాన్పులకే అన్నది షరతు. చిన్న వయసు పెళ్ళిళ్ళను ప్రోత్సహించరాదన్న ఆలోచన సరైనదే. కాని పెళ్ళి చేసింది పెద్దలు. కడుపుతో ఉన్నది పదిహేడేళ్ళ పిల్ల. సాయం ఆగింది ఆ పిల్లకు.

చిన్న వయసు తల్లుల సంఖ్య తక్కువేమీ కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-19 ఏళ్ళ ఆడపిల్లలలో నూటికి 12.6 మంది అప్పటికే తల్లులో, గర్భవతులో అయినవారు. 20-24 ఏళ్ళ స్త్రీలలో పద్దెనిమిది నిండకుండా పెళ్ళైనవారు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 29, తెలంగాణలో 23 పైచిలుకు. ఇది ఒక మతానికో కులానికో చెందిన సంగతి కాదు. 1929 శారదా చట్టం ఆడపిల్లకు 14 ఏళ్ళన్నది, 1978లో 18 చేశారు, 2006లో ఇంకా గట్టి చట్టం వచ్చింది. చట్టం పెద్దలకు. అప్పటికే తల్లి కాబోతున్న చిన్నపిల్లకు కావలసినవి రక్తపరీక్ష, తిండి, ధైర్యం. పెళ్ళి తొందరగా చేయవద్దని గట్టిగా చెప్పే నోటితోనే, జరిగిపోయిన చోట ఆ పిల్లను దాచిపెట్టవద్దని కూడా చెప్పాలి. వయసు బయటపడుతుందని భయపడి పేరు నమోదు చేయించకపోతే అందరికన్నా ఎక్కువ ప్రమాదం ఆమెకే.

బండి, మనిషి, డబ్బు

2005 మన ప్రాంతపు కాన్పుల చరిత్రలో పెద్ద సంవత్సరం. ఆ ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో 108 అంబులెన్సులు కదిలాయి. అర్ధరాత్రి నొప్పులు వస్తే ఎవరి ఆటోను బతిమాలాలా అన్న బెంగ తగ్గింది. అదే యేడు ఆస్పత్రి కాన్పుకు నగదు ఇచ్చే జననీ సురక్షా యోజన, ఊరి ఆడమనిషినే ఆరోగ్య కార్యకర్తగా నియమించే ఆశా పద్ధతి వచ్చాయి. 2017లో తెలంగాణలో ప్రభుత్వ ఆస్పత్రిలో కాన్పు అయిన తల్లికి మగబిడ్డైతే 12 వేలు, ఆడబిడ్డైతే 13 వేలు విడతలుగా ఇచ్చే పథకం, దానితో బిడ్డ బట్టలు, సబ్బులు, దోమతెర ఉన్న కిట్టు వచ్చాయి. ఆడబిడ్డకు వెయ్యి ఎక్కువ ఇవ్వడం ఎందరో అత్తల నోళ్ళు మూయించింది.

2019-21 నాటికి తెలంగాణలో నూటికి 97, ఆంధ్రప్రదేశ్‌లో 96 పైచిలుకు కాన్పులు ఆస్పత్రులలోనే జరిగాయి. గోషా ఆస్పత్రులు పెట్టినవాళ్ళు కలలో కూడా ఊహించని సంఖ్య ఇది. కాని అదే సర్వేలో తెలంగాణలో నూటికి 60, ఆంధ్రప్రదేశ్‌లో 42 కాన్పులు ఆపరేషన్లని తేలింది. దేశం మొత్తానికి 21. అవసరమైన ఆపరేషన్ ప్రాణం నిలుపుతుంది. ముహూర్తం కోసమో, నొప్పుల భయం చేతనో, బిల్లు కోసమో చేసేది తల్లిని నెలల తరబడి నీరసపరుస్తుంది, ఇంటిని అప్పుల పాలు చేస్తుంది. అదే సర్వేలో గర్భిణులలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. ఆస్పత్రి దాకా వెళ్ళడం నేర్చుకున్నాము. వెళ్ళేముందు తొమ్మిది నెలలు ఏమి తిన్నది, వచ్చాక నలభై రోజులు ఎవరు చూశారు అన్నవి ఇంకా ఇంటి ప్రశ్నలే.

మనం చేయదగిన పని

ఆస్పత్రి కట్టడం మన సంఘం వంటి వాటి శక్తికి మించిన మాట. కాని పైన చెప్పిన చరిత్ర అంతా చూస్తే సాయం ఎక్కడెక్కడ ఆగిపోతున్నదో తెలుస్తుంది. అక్కడ నిలబడటానికి డబ్బు కన్నా మనుషులు కావాలి.

మొదటిది కాగితం. గర్భం వచ్చిన మొదటి మూడు నెలలలోగా ఏ.ఎన్.ఎం. దగ్గర పేరు వ్రాయించి తల్లీబిడ్డల కార్డు తీసుకోవాలి. మన ఇండ్లలో పేర్ల గొడవ అందరికీ తెలిసిందే. ఒక కాగితంలో షేక్ అని ముందు, ఇంకో దాంట్లో బేగం అని వెనుక, బ్యాంకులో పుట్టింటి పేరు, ఆధార్‌లో అత్తింటి చిరునామా. రావలసిన డబ్బు ఇక్కడే ఆగిపోతున్నది. చదువుకున్న పిల్లలు ఇద్దరు ముగ్గురు కూర్చుని నెలకొకసారి యీ కాగితాలు సరిచేసిపెడితే అది పెద్ద సేవ.

రెండోది తోడు. ఆస్పత్రిలో ఎక్కడ చీటీ తీసుకోవాలి, ఏ గదికి పోవాలి అన్నది తొలిసారి వెళ్ళిన పిల్లకు అయోమయం. అనుభవమున్న ఆడమనిషి ఒకరు వెంట ఉంటే చాలు. పేటలో ఎవరి రక్తం ఏ గ్రూపు అన్న జాబితా సిద్ధంగా ఉంటే అర్ధరాత్రి పరుగులు తప్పుతాయి.

మూడోది చిల్లా. యీ ఆచారాన్ని చులకన చేయవలసిన పని లేదు. బాలింతకు నలభై రోజులు విశ్రాంతి అన్నది చక్కటి ఏర్పాటు. ఆశా కార్యకర్త కూడా 3, 7, 14, 21, 28, 42వ రోజులలో ఇంటికే వచ్చి బిడ్డను తూచి చూడాలన్నది నియమం. వచ్చినప్పుడు తలుపు తీసి లోపలికి పిలవండి. బిడ్డకు ముర్రుపాలు పట్టనివ్వండి, పిండి పారబోయకండి. జ్వరం వచ్చినా, రక్తం ఎక్కువగా పోయినా, తల్లి ఊరికే ఏడుస్తూ బిడ్డ వంక చూడకపోయినా చిల్లా తీరేదాకా ఆగవద్దు, ఆనాడే చూపించండి. చిల్లా స్నానం అయిన రెండు రోజులకు ఆరు వారాలు నిండుతాయి. బిడ్డకు తరువాతి టీకాల వేళ సరిగ్గా అదే. స్నానం రోజున పదిమంది చుట్టాలు వస్తారు గదా, అందులో ఒకరు ఎల్లుండి టీకా అని గుర్తు చేస్తే చాలు.

నాలుగోది తండ్రులు. బిడ్డ చెవిలో అజాన్ వినిపించడంతో తండ్రి పని మొదలవుతుంది. రక్తం ఇవ్వడం, కార్డు దాచడం, రాత్రి బిడ్డను ఎత్తుకోవడం, ఆపరేషన్ ఎందుకని డాక్టరును మర్యాదగా అడగడం, ఇవన్నీ అతనివే. గల్ఫులో ఉన్న తండ్రులు డబ్బు పంపుతున్నారు, కాని ఆస్పత్రిలో సంతకం పెట్టడానికి ఎవరు వెళ్ళాలో ముందుగా చెప్పి పెట్టడం లేదు. అది కూడా చెప్పి పెట్టాలి.

గోషా ఆస్పత్రికి లక్ష ఇచ్చిన వెంకటగిరి రాజావారు ఇప్పుడు లేరు. ఇంటింటికి తిరిగిన కుగ్లరమ్మ లేదు. పరిచారిక కోసం కన్నీరు పెట్టిన నీలోఫర్ లేదు. పాతకాలపు దాయమ్మలు కూడా దాదాపు లేరు. వారు చేసిన పనిలో మనకు మిగిలిన భాగం చిన్నదే. మన పేటలో ప్రస్తుతం ఎందరు తల్లులు నెల తప్పి ఉన్నారు, ఎవరికి ఎన్నో నెల, ఎవరి ఇంట్లో చూసే మనిషి లేదు అన్నది మనలో ఎవరికో ఒకరికి తెలిసి ఉండాలి. వచ్చే సంచిక అచ్చయ్యేలోగా వాళ్ళందరూ కాన్పులు అయి ఉంటారు. యీ పని రేపటికి వాయిదా వేయదగినది కాదని సభ్యులందరికీ మా మనవి.